ఉయ్యాలకు చెవులు

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో కింది అంతస్తు మూలన పిల్లల గది ఉంది. పైన మూడు అంతస్తుల్లో కుట్టుమిషన్లు గరగరమంటుంటే, కింద పదకొండు ఉయ్యాలల్లో పదకొండు మంది పసివాళ్లు హాయిగా నిద్రపోతుంటారు. ఆ మోతే వాళ్లకు జోలపాట. సెలవురోజు ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే కళ్లు మూయరని తల్లులు చెప్పుకుని నవ్వుకుంటారు.

ఆ గదిలో పెద్ద ఆయాది ఇరవై రెండేళ్ల సర్వీసు. హాజరుపట్టీలో ఆమెకో పేరుంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. మేనేజరు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ పెద్దమ్మే. పక్క గదిలో సీసాలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే, "అది కవలల్లో రెండోవాడు. తడిపేశాడు, వెళ్లి చూడండి" అనేది. వెళ్లి చూస్తే అంతే. తల్లులు నోరు వెళ్లబెట్టి, "ఎలా తెలిసింది పెద్దమ్మా?" అని అడిగితే, "వింటే తెలుస్తుందమ్మా" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె గడ్డం తనకు తెలియకుండానే రవ్వంత పైకి లేచేది.

అలాంటి గదిలోకి ఒక సోమవారం ఉదయం పదకొండు తెల్లటి పళ్లేలు వచ్చాయి. అరచేతంత ఉంటాయి. ఒక్కో ఉయ్యాల పైన ఒక్కోటి బిగించారు. పిల్లవాడు ఏడిస్తే అది వింటుంది, వింటూ ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆలోచిస్తుంది, ఆ తర్వాత దీపం వెలిగిస్తుంది. పసుపు వెలిగితే ఆకలి, నీలం అయితే నిద్ర, ఆకుపచ్చ అయితే తడి, ఎరుపు అయితే నొప్పి. వాటిని తయారుచేసిన కంపెనీవాళ్లు పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సాయంత్రానికల్లా అందరూ దాన్ని 'చెవి' అనడం మొదలుపెట్టారు.

చెవులతో పాటు కార్మిక సంక్షేమ ఆఫీసు నుంచి ఒక సర్వే అమ్మాయి కూడా వచ్చింది. ఇరవై అయిదేళ్లుంటాయేమో. చంకలో కాగితాల కట్ట, జుట్టులో మర్చిపోయిన పెన్ను.

"ఈ పరికరం అన్ని ఫ్యాక్టరీల్లోనూ పెట్టనివ్వమని కంపెనీవాళ్లు అడుగుతున్నారు పెద్దమ్మ గారూ," అంది ఆ అమ్మాయి. "సరేననే ముందు దీనివల్ల మనుషులకు ఏమవుతుందో చూడమని నన్ను పంపారు. మూడు నెలలు చూస్తాం. ఒక్కో ఏడుపుకీ ఒక వరస. మొదటి గడిలో మీరేమనుకున్నారో రాయాలి, అదీ దీపం వెలగక ముందే. రెండో గడిలో దీపం ఏమందో, మూడో గడిలో చివరికి ఏం చేస్తే ఊరుకున్నారో రాయండి."

పెద్దమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనుషులకు ఏమవుతుందో అంటున్నావు, ఇందులో ఏడుపుల లెక్క తప్ప ఇంకేం లేదే అమ్మాయ్?"

సర్వే అమ్మాయి కాస్త సిగ్గుపడింది. "లెక్కకు దొరికేవన్నీ గళ్లలో పెట్టాం. మిగతావి ఆఖరి పేజీలో 'ఇతర విషయాలు' అని ఉంది చూడండి."

అక్కడ రెండు గీతలున్నాయి. ఆ రెండు గీతల్లో ఏం రాస్తారో పెద్దమ్మకు అర్థం కాలేదు. అయినా సరేనంది. ఆమె మనసులో ఉన్నది వేరు. ఈ పళ్లెం తనతో పోటీకొచ్చింది, దాని పని పట్టాలి. అంతే.

మొదటి వారం నూట నలభై ఏడుపులు లెక్క తేలాయి. పెద్దమ్మ అనుకున్నవాటిలో నూట పది నిజమయ్యాయి. చెవి చెప్పినవి నూట పదహారు.

ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అంతే వచ్చింది. ముఖ్యంగా నాలుగు నెలల లోపు పిల్లల దగ్గర చెవి అస్సలు తడబడలేదు. "ఏదో గాలివాటంగా తగిలింది" అని చిన్న ఆయాతో అంది గానీ, ఆ రోజంతా సీసాలు మామూలు కంటే గట్టిగా తోమింది.

రెండో వారం మధ్యలో ఒకరోజు, గదిలో అందరికంటే మెత్తగా ఏడుస్తుందని అందరూ పిల్లికూన అని పిలిచే పిల్ల ఏడుపు అందుకుంది. పెద్దమ్మకు నిద్రేడుపులా అనిపించింది. రాయబోయి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆమె చెయ్యి తనంతట తనే మొదటి గడిలో 'తడి' అని రాసేసింది. చూస్తే తడే.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆమె భర్త పెద్దాసుపత్రిలో లిఫ్టు మెకానిక్కు. రోజంతా బావిలాంటి చోట్ల పనిచేసి వచ్చిన మనిషి కాబట్టి ఇంట్లో తీరిగ్గా, వెలుతురులో కూర్చోవడం ఆయనకు మహా ఇష్టం. ఆయన రెండుసార్లు ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏంటోయ్, ఇవాళ ఎవరు ఏడిపించారు?"

ఆమె చెప్పేసింది. ఒక్క గడి, ఒక్క మాట, ఎవరూ చూడలేదు అని కూడా చెప్పింది.

ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "నేను లోపలికి దిగి చూడకుండానే చూశానని ఒక లిఫ్టుకి సంతకం పెట్టాననుకో. ఆ లిఫ్టు బ్రహ్మాండంగా ఉండొచ్చు, ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ సంతకం మాత్రం ఎందుకూ కొరగాకుండా పోతుంది," అన్నాడు. తర్వాత ఆమె కంచంలో ఇంకాస్త కూర వేసి, "తిను, రేపు కొట్టేసి రాద్దువుగాని," అన్నాడు.

మర్నాడు ఆమె 'తడి' కొట్టేసి 'నిద్ర' అని రాసింది. పక్కన ఖాళీలో, 'నిన్న దీపం చూసి రాశాను, తప్పు' అని కూడా రాసింది. వారాంతంలో సర్వే అమ్మాయి ఆ కాగితం చదువుతూ అక్కడ ఆగింది. ఆ రోజు నుంచి పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకేమనిపిస్తోంది పెద్దమ్మ గారూ?" అని విడిగా అడగడం మొదలుపెట్టింది.

రెండో అంతస్తులో గుండీలు కుట్టే అమ్మాయి ఒకతె ఉంది. తొలి కాన్పు, నాలుగు నెలల ఆడపిల్ల. ఆ పిల్ల గొంతు విప్పితే మూడు అంతస్తులకూ వినపడుతుంది, అందుకే దానికి సైరన్ అని పేరు. తల్లికి తల్లి లేదు, అత్తగారూ లేరు. పిల్ల ఏడిస్తే ఎత్తుకుని గదంతా తిరిగేది. పాలిచ్చే విరామంలో కిందికి వచ్చినప్పుడల్లా పిల్లను తెచ్చి పెద్దమ్మ చేతుల్లో పెట్టేసేది.

"నాకు అర్థం కావడం లేదు పెద్దమ్మా."

"వింటే తెలుస్తుందమ్మా," అనేది పెద్దమ్మ, ధైర్యం చెబుతున్నాననుకుని.

చెవులు వచ్చిన నెలకి ఒకరోజు పెద్దమ్మ గుమ్మంలో నుంచి చూసింది. సైరన్ గుక్క పట్టి ఏడుస్తోంది. తల్లి ఉయ్యాల పక్కన నిలబడి, ఒక అరచెయ్యి దీపానికి అడ్డం పెట్టి, కళ్లు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. 'ఆకలి' అని తనలో తను అనుకుని చెయ్యి తీసింది. పసుపు వెలుగుతోంది. ఆ అమ్మాయి ముఖంలో వెలిగిన వెలుగు ముందు ఆ దీపం ఏపాటిది. పిల్లను తీసుకుని, ఎవరి చేతుల్లోనూ పెట్టకుండా, తనే కూర్చుని పాలిచ్చింది.

"ఎన్నాళ్లుగా ఇలా చేస్తున్నావు?" అని అడిగింది పెద్దమ్మ.

"రెండు వారాలైంది పెద్దమ్మా. మొదట్లో పదికి మూడు కుదిరేవి. ఇప్పుడు ఏడు, ఎనిమిది." తలొంచుకుని అంది, "మీరు 'వింటే తెలుస్తుంది' అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఎంత విన్నా తెలిసేది కాదు. నేను తల్లినే కాదేమో అనిపించేది."

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. పిల్ల మూతి తుడిచి వచ్చేసింది.

ఇంటికి వెళ్లాక స్టవ్ ముందు నిలబడి, వెనక్కి తిరక్కుండానే భర్తతో అంది, "ఇరవై రెండేళ్లలో ఎంతమంది తల్లుల్ని చూశానండీ. ఒక్కదానికీ నేర్పలేదు. నాకేదో పుట్టుకతో వచ్చిందనుకున్నా, వాళ్లకూ వచ్చేస్తుందనుకున్నా."

"పుట్టుకతోనా?" ఆయన ఈసారి నవ్వాడు. "మన పెద్దది పుట్టినప్పుడు అదీ ఏడ్చేది, నువ్వూ ఏడ్చేదానివి. ఎవరిని ముందు ఊరుకోబెట్టాలో తెలియక నేను వాకిట్లో పచార్లు చేసేవాణ్ణి. మా అమ్మ నెల రోజులు నీ పక్కనే కూర్చుంది. గుర్తు లేదా?"

గరిటె చేతిలో ఉండిపోయింది. గుర్తొచ్చింది. పిల్ల ఏడవగానే లేవబోతే అత్తగారు మణికట్టు పట్టుకుని ఆపేది. 'ఉండు కోడలా, తొందరపడకు, ముందు చెప్పు, ఎందుకు?' అనేది. తను తప్పు చెబితే పకపకా నవ్వేది, సరిగ్గా చెబితే చెయ్యి వదిలేది. ఆ చేతి పట్టు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ తగిలినట్టయింది. అంతా తన గొప్పే అనుకుంటూ, నేర్పిన మనిషినే మర్చిపోయింది.

అప్పటినుంచి చెవి మీద ఆమెకున్న కక్ష సగం కరిగిపోయింది. అయితే కరగని సగానికి కారణాలు ఆ గదిలోనే కనబడుతున్నాయి.

చిన్న ఆయా మంచి పిల్ల. ఒంట్లో బద్ధకం లేదు. ఇదివరకు పిల్లవాడు 'కేర్' మంటే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. ఇప్పుడు పరుగెత్తడం లేదు. ఉయ్యాల దగ్గరికి వెళ్లి, తలెత్తి దీపం కేసి చూస్తూ నిలబడుతోంది. ఎనిమిది అంకెల సేపు. పిల్లవాడు ఆమె ముఖం కేసి చూస్తూ ఏడుస్తుంటాడు, ఆమె దీపం కేసి చూస్తుంటుంది. అడిగితే, "ఎందుకో తెలిశాకే ఎత్తుకుంటే మంచిది కదా పెద్దమ్మా?" అంది. అదీ సబబుగానే ఉంది. అయినా పెద్దమ్మకు అది మింగుడుపడలేదు.

ఇక జడ్జిగారి సంగతి. తొమ్మిది నెలలవాడు. బుగ్గలు, గడ్డం కింద ఇంకో గడ్డం, ఎవరేం చేసినా తప్పుపడుతున్నట్టు చూసే చూపు, అందుకే ఆ పేరు. ఆకలి తప్ప వేరే బాధ ఎరగడన్నట్టు ఈ మధ్య వాడికి రోజంతా పసుపు దీపమే. చిన్న ఆయా సీసా ఇస్తుంది, వాడు ఊరుకుంటాడు, కాగితం మీద చెవి గెలుస్తుంది. కానీ సీసా కడిగేది పెద్దమ్మ కదా. సీసాల నిండా పాలు మిగిలిపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఆమె వాడి ఉయ్యాల పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. వాడు సీసా తాగి అరగంట కూడా కాలేదు. ఏడుపు మొదలుపెట్టాడు. అచ్చం ఆకలేడుపే, కళ్లు మూసుకుని వింటే తనూ ఆకలే అనేది. కళ్లు తెరిచి చూస్తే, ఏడుస్తున్నవాడు సీసా కోసం చూడటం లేదు. దీపం కేసి చూస్తున్నాడు. పసుపు వెలగగానే ఏడుపు టక్కున ఆపి గుమ్మం వైపు తల తిప్పాడు, ఎవరొస్తారా అని. చిన్న ఆయా వచ్చి ఒళ్లోకి తీసుకుని సీసా పెడితే రెండు గుక్కలు తాగి, ఆమె జడ పట్టుకుని కిలకిలా నవ్వాడు.

పెద్దమ్మకు విషయం బోధపడింది. ఏ ఏడుపు ఏడిస్తే త్వరగా ఎత్తుకుంటారో వాడు నేర్చేసుకున్నాడు. చెవి వాణ్ణి వింటోందని అందరూ అనుకుంటున్నారు, వాడేమో చెవికి నచ్చేటట్టు ఏడుస్తున్నాడు.

మర్నాడు వాడి దీపం మీద తువ్వాలు కప్పింది. వాడు ఆకలేడుపు ఏడ్చాడు. దీపం కనపడలేదు. తువ్వాలు కేసి అనుమానంగా చూశాడు. ఇంకోసారి ఏడ్చాడు. ఆ తర్వాత ఆమె కేసి తిరిగి రెండు చేతులూ చాపి, కొన్నాళ్లుగా ఆ గదిలో వినపడని పాత ఏడుపు ఏడ్చాడు, ముక్కులోంచి, ముద్దుగా, అలిగినట్టు. ఆమె ఎత్తుకోగానే భుజం మీద తల వాల్చేశాడు. 'అన్యాయం చేశామురా నీకు,' అనుకుంది వీపు నిమురుతూ.

మూడో గడిలో 'ఎత్తుకోమని ఏడ్చాడు. ఎత్తుకున్నాను. ఊరుకున్నాడు' అని రాసింది. చెవికి అలాంటి దీపమే లేదు.

సర్వే అమ్మాయి అది చదివి రెండు రోజులు గది మూలన కూర్చుని తన కళ్లతో చూసింది. తర్వాత మూడు నెలల కాగితాలూ నేల మీద పరిచింది. సాయంత్రం తల్లులకు చెప్పడానికి ఎవరు ఎన్ని పాలు తాగారో పెద్దమ్మ ఎప్పట్నుంచో విడిగా ఒక నోటుపుస్తకంలో రాస్తోంది. ఆ పుస్తకమూ ఈ కాగితాలూ పక్కపక్కన పెట్టి ఇద్దరూ మోకాళ్ల మీద వంగి వెతికారు. ఆరు నెలలు దాటిన పిల్లల దగ్గర, చెవి 'ఆకలి' అని నెగ్గిన ప్రతి మూడింట్లో ఒకదాంట్లో సీసా సగం కూడా ఖాళీ కాలేదు.

"ఇది నాకు తట్టనే లేదు," అంది సర్వే అమ్మాయి. "ఊరుకుంటే చాలు, సరైనట్టే అని రాయించాను మీతో."

"నాకు మాత్రం తట్టిందా? సీసా కడిగేదాన్ని కాబట్టి కనపడింది," అంది పెద్దమ్మ.

చివరి వారంలో సంక్షేమ ఆఫీసులో మీటింగు పెట్టారు. పొడవాటి బల్ల, అందరి ముందూ నీళ్ల గ్లాసులు. మధ్యలో రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దాఫీసరమ్మ. ఒక పక్క కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు, ఫ్యాక్టరీ మేనేజరు. ఇటు పక్క సర్వే అమ్మాయి, పెద్దమ్మ, తల్లుల తరఫున గుండీల అమ్మాయి.

ఇంజనీరు తెర మీద గీతలు చూపించాడు. నూటికి ఎనభై నాలుగు సరైనవన్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని, "ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు ఇద్దరు ఆయాల పని ఒక్కరితో అయిపోతుంది కదా అని మా ఆలోచన," అన్నాడు. చెడ్డమనిషేం కాదు. పెద్దమ్మ కేసి చూడలేక గ్లాసు కేసి చూస్తూ అన్నాడు.

"మీరు చెప్పండి," అంది పెద్దాఫీసరమ్మ. "ఇది కావాలంటారా, వద్దంటారా?"

పెద్దమ్మ లేచి నిలబడబోతే కూర్చోమన్నారు. కూర్చుంది. నిలబడితేనే మాటలు వస్తాయనిపించి మళ్లీ లేచింది.

"నాకు ఒక్క ముక్కలో చెప్పడం రాదమ్మా. మొదట్లో దీన్ని ఓడించాలనే చూశాను. ఒకరోజు దొంగ రాత కూడా రాశాను, ఆ కాగితంలో ఉంది చూడండి. కానీ ఇదిగో, ఈ పిల్లకు మూడు నెలల్లో నేను నేర్పలేనిది అది నేర్పింది. చెయ్యి అడ్డం పెట్టుకుని తనే నేర్చుకుంది అనుకోండి, అయినా దాని సాయంతోనే. కాబట్టి దాన్ని పట్టుకెళ్లిపొమ్మంటే నేను ఒప్పుకోను." గుక్క తిప్పుకుంది. "అలాగని అన్ని ఉయ్యాలలకూ కట్టేయమన్నా ఒప్పుకోను. పెద్దపిల్లలు దానితో ఆడుకుంటున్నారు. మా చిన్న ఆయా పిల్లవాడి ముఖం చూడటం మానేసి దీపం చూస్తోంది, అది ఆ పిల్ల తప్పు కాదు, దీపం అక్కడుంటే ఎవరైనా చూస్తారు. ఇక ఒక్క ఆయా చాలంటున్నారు సారు. పదకొండు దీపాలు ఒకేసారి వెలిగితే ఆ ఒక్కతె ఎన్ని చేతులతో ఎత్తుకుంటుంది?"

సర్వే అమ్మాయి సీసాల లెక్క రాసిన కాగితం పెద్దాఫీసరమ్మ ముందుకు జరిపింది. గుండీల అమ్మాయి మెల్లగా, "నాకిప్పుడు దీపం అక్కర్లేదు మేడం. నా తర్వాత వచ్చే వాళ్లకు కావాలి," అంది.

ఇంజనీరు చేతిలో పెన్ను తిప్పుతూ అడిగాడు, "అయిదో దీపం పెట్టమంటారా పెద్దమ్మ గారూ? 'ఎత్తుకోమంటున్నాడు' అని?" వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె ఆలోచించింది. "వద్దు నాయనా. అదొక్కటీ మమ్మల్నే కనిపెట్టనీ. కనిపెట్టడానికి మేం దగ్గరికి రావాలి కదా."

ఆ మాట అతను రాసుకున్నాడు.

తీర్పు ఆ రోజే రాలేదు. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. ఇంకో ఆరు నెలలు చూస్తారట. చెవులు నాలుగు నెలల లోపు పిల్లలకే, అదీ కొత్త తల్లులు నేర్చుకునేదాకా. ఆయాల సంఖ్య తగ్గించడానికి వీల్లేదు. కాగితం మళ్లీ తయారు చేయాలి, పెద్ద ఆయా సలహాతో. మేనేజరు ఉత్తరం చదివి, "మీరు నన్ను ముంచారు పెద్దమ్మా," అన్నాడు గానీ, ఆ వంకన ఇంకో రెండు స్టూళ్లు పంపించాడు.

సర్వే అమ్మాయి ఆదివారం పెద్దమ్మ ఇంటికే వచ్చింది. ఇద్దరూ మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే లిఫ్టు మెకానిక్కు టీ పెట్టి ఇచ్చి, అడక్కపోయినా సలహాలిచ్చాడు. మూడు గళ్లు ఆరయ్యాయి. 'ఎంతసేపటికి ఎత్తుకున్నారు' అని ఒకటి, 'పాలు ఎంత మిగిలాయి' అని ఒకటి, 'ముందుగా ఎవరు చెప్పారు' అని ఒకటి. 'ఇతర విషయాలు'కి ఒక పేజీ నిండా గీతలు గీశారు. అదీ చాలదేమోనని పెద్దమ్మకు అనుమానం.

ఆ నెలలోనే కాలర్లు కుట్టే విభాగం నుంచి ఒక కొత్త తల్లి రెండు నెలల మగపిల్లవాడిని తీసుకొచ్చింది. పెద్దమ్మ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది, అవతలి పక్క గుండీల అమ్మాయి. పిల్లవాడు ఏడవగానే పెద్దమ్మ, "ఆక..." అనేసింది.

"పెద్దమ్మా, మీరు చెప్పేస్తున్నారు," అని గుండీల అమ్మాయి కసిరింది.

పెద్దమ్మ నాలుక కరుచుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేర్పడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. గుండీల అమ్మాయి దీపానికి చెయ్యి అడ్డం పెట్టి, కొత్త తల్లితో తాపీగా అంది, "కంగారేం లేదు అక్కా. తప్పయితే ఏం కాదు, నాకూ పదికి ఏడు తప్పేవి. ముందు విను. ఏమనిపిస్తోంది?"

కొత్త తల్లి బెదురుగా, "తడేమో?" అంది. బట్ట విప్పి చూసింది. పొడిగా ఉంది. ఇద్దరి ముఖాలూ చూసింది. ఎవరూ పెదవి విప్పలేదు. పిల్లవాడు పిడికిలి నోట్లో కుక్కుకుంటూ మళ్లీ ఏడ్చాడు. ఆమె ఈసారి కళ్లు మూసుకోకుండా వాడి ముఖంలోకే చూస్తూ వింది. "ఆకలి," అని, ఎవరి ఒప్పుకోలు కోసమూ ఆగకుండా గుండెలకు హత్తుకుంది. వాడు గటగటా తాగడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని కొత్త కాగితం ఒళ్లోకి తీసుకుంది. 'ముందుగా ఎవరు చెప్పారు' అన్న గడిలో పొందిగ్గా రాసింది: తల్లి. రెండోసారికి.